చచ్చి, లేచి, దణ్ణం పెట్టిన సీతారామారావు గారు

సీతారామారావు గారు కష్టపడి సాధించిన మొదటి విజయం చచ్చిపోవడం. అది మన పక్కనున్న నెమలి ఊరి వేణుగోపాలస్వామి తిరునాళ్ళలో, నాటకం స్టేజీ మీద, నేల ఈనినట్టు కూర్చున్న జనం ఎదుట జరిగింది. మన తిరువూరు నుంచి స్టేజీలెక్కి పద్యాలు పాడినవాళ్ళు చాలామంది ఉన్నారు. చావు ఒక్కదానితో పేరు తెచ్చుకున్నవాడు మాత్రం ఈయనొక్కడే.

ఆయన స్వగ్రామం పెనుగొలను, ఉద్యోగం తిరువూరులో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. మనిషి ఆజానుబాహుడు, కోరమీసం, కిరీటం పెడితే నిజంగా రాజే అనిపిస్తాడు. నోరు తెరిస్తే మాత్రం ఆ రాజ్యం కూలిపోయేది. గొంతు పీల. రాగం పైకి లాగేచోట సైకిలు బ్రేకు వేసినట్టు కీచుమనేది. నాట్యమండలి కార్యదర్శి పరబ్రహ్మం గారు అర్చకుల ఇంటివాడు, హార్మోనియం ఆయనదే, వేషాలు పంచేదీ ఆయనే. మొదటిరోజే తేల్చి చెప్పేశారు.

"నీ గొంతుకి పద్యం ఇవ్వలేను గానీ, సీతారామారావూ, కత్తిపోటు ఇస్తాను. తీసుకుంటావా?"

సీతారామారావు గారు తీసుకున్నారు. ఏ నాటకమైనా యుద్ధం సీనులో ముందు పడేది ఆయనే. అయితే ఇచ్చిన చావుని ఇచ్చినట్టు చచ్చి ఊరుకునే మనిషి కాదు. ఇంట్లో బొంత పరచుకుని ఏళ్ళ తరబడి సాధన చేశారు. భార్య బాలసరస్వతి గారు విసుక్కునేవారు.

"ఆఫీసు నుంచి వచ్చి కాఫీ అయినా తాగకముందే చచ్చిపోతారేంటండీ? పక్కింటివాళ్ళు ఏమనుకుంటారు?"

"బాగా చచ్చాడనుకుంటే చాలు," అనేవారు ఆయన బొంత మీదనుంచి.

ఆ సాధన ఫలించినది నెమలిలో. పోటు తగిలాక ఆయన రెండడుగులు వెనక్కి వేసి, పంచె కుచ్చిళ్ళు జారకుండా ఒకసారి సర్దుకుని, ఆకాశంలోకి చూసి, మోకాలి మీద కూలి, పక్కకి ఒరిగి, చాపలా పరుచుకున్నారు. ఒళ్ళంతా ఆగిపోయాక కుడికాలి బొటనవేలు ఒక్కటి కాసేపు అల్లాడి, అప్పుడు ఆగింది. అంతలో వెనక నుంచి ఎవరో "వన్స్ మోర్" అన్నారు.

పౌరాణిక నాటకాలు చూసి పెరిగినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. పద్యం నచ్చితే వన్స్ మోర్ అంటారు, నటుడు మళ్ళీ పాడాలి. పాడిన మనిషి అప్పటికే చచ్చి పడి ఉన్నా సరే, లేచి, పాడి, మళ్ళీ పడతాడు. అందులో ఎవరికీ తప్పు తోచదు. కానీ పద్యం లేకుండా ఉత్త చావుకి వన్స్ మోర్ పడటం మన చుట్టుపక్కల అంతకుముందు ఎరగరు. పరబ్రహ్మం గారు హార్మోనియం మీద ఏ మెట్టు నొక్కాలో తెలియక చేతులెత్తేశారు. సీతారామారావు గారు మాత్రం తొణకలేదు. లేచారు. వెనక అంటిన దుమ్ము దులుపుకున్నారు. నాలుగు దిక్కులకీ తిరిగి దణ్ణం పెట్టారు. శత్రువు చేతికి కత్తి తానే అందించి మళ్ళీ చచ్చారు.

ఆనాటి నుంచి ఆ లేవడం, దులుపుకోవడం, దణ్ణం పెట్టడం ఆ చావులో భాగమైపోయాయి. వన్స్ మోర్ అనకపోయినా లేచేవారు. లేవకపోతే జనం ఊరుకునేవాళ్ళు కూడా కాదు.

ఇక రెండో ఘనత. పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో ఆయన కంప్యూటర్లోకి ప్రవేశించారు. ఆ ఏటికి మన ఆఫీసుల్లోకి కంప్యూటరే ప్రవేశించలేదు.

తిరువూరు కుర్రాడే రామనాథ్, హైదరాబాదులో ఇంకో ఇద్దరితో కలిసి ఒక గదిలో కంపెనీ పెట్టాడు. అప్పట్లో కంప్యూటర్ ఆటల్లో గీసిన బొమ్మలు కాకుండా నిజం మనుషుల్ని వీడియో తీసి పెట్టడం ఒక మోజు. తెరమీద కోట కనిపిస్తుంది, తలుపులు కనిపిస్తాయి, ఆడేవాడు ఒక తలుపు నొక్కుతాడు, వీడియోలోని మనిషి ఆ తలుపులోకి వెళ్తాడు. అలాంటి ఆట తెలుగులో తయారుచేసి సీడీగా అమ్మాలని రామనాథ్ ఉద్దేశం. చిన్నప్పుడు నెమలిలో చూసిన చావు అతని మనసులో ఉండిపోయింది. నేరుగా ఇంటికొచ్చాడు.

"మీరే హీరో, బాబాయి గారూ."

సీతారామారావు గారు వాలుకుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "హీరో ఏం చేస్తాడు?"

"ఆడేవాడు సరైన తలుపు నొక్కితే మీరు గెలిచి సింహాసనం ఎక్కుతారు. తప్పు తలుపు నొక్కితే చచ్చిపోతారు."

"సరైన తలుపు నొక్కడం తేలికేనా?"

"అస్సలు కాదండీ. చాలా కష్టం."

"అయితే చేస్తాను," అన్నారాయన.

షూటింగు తిరువూరు కల్యాణమండపంలో. కెమెరా జోజప్పది. బస్టాండు దగ్గర వీడియో కొట్టు, తాలూకాలో సగం పెళ్ళిళ్ళు అతని కేసెట్లలోనే జరిగాయి. వెనకాల నీలం గుడ్డ కట్టాలి, ఆ నీలాన్ని కంప్యూటరు తీసేసి దాని బదులు కోట పెడుతుందని రామనాథ్ చెప్పాడు. షామియానావాళ్ళ నీలం గుడ్డ కట్టారు. సీతారామారావు గారు నాట్యమండలి వారి వెల్వెట్ కోటు తొడుక్కుని దర్జాగా వచ్చారు. ఆ కోటూ నీలమే. తీసినది కంప్యూటర్లో వేసి చూస్తే కోటలో ఒక తలకాయ, రెండు చేతులు, ఒక పంచె తిరుగుతున్నాయి.

"తలకాయొచ్చింది గానీ పొట్ట రాలేదు సార్," అన్నాడు జోజప్ప.

మండలికి ఉన్నది ఆ ఒక్క కోటే. జోజప్పకి ఒకటి తట్టింది. "మా వినగడప చర్చిలో క్రిస్మస్ నాటకానికి కుట్టించిన రాజు కోటుంది సార్, ఎర్రది, జరీతో. కాకపోతే ఆయన పసిపిల్లల్ని చంపించిన చెడ్డ రాజు."

"కోటుకేం తెలుస్తుందోయ్, పట్టుకురా."

అలా వినగడప చర్చి కోటు వేసుకుని సీతారామారావు గారు పాము కరిచి చచ్చారు, పైనుంచి బండ పడి చచ్చారు, మొసలి పట్టి చచ్చారు. పామూ మొసలీ బండా తరవాత గీసి కలుపుతారట, అప్పటికి ఏవీ లేవు. లేని మొసలి నోట్లో ఆయన పడ్డ బాధ చూసి కల్యాణమండపం వాచ్‌మన్ దగ్గరికి రాలేకపోయాడు. చివరగా గెలిచే సీను. పెళ్ళి రిసెప్షన్లో వధూవరులు కూర్చునే ఎర్ర మెత్తల కుర్చీని సింహాసనంగా పెట్టారు. సీతారామారావు గారు నడిచి వచ్చి దాని మీద కూర్చున్నారు. జీవితంలో ఆయన గెలిచిన వేషం అదొక్కటే.

అసలు సంగతి హైదరాబాదు వెళ్ళాక బయటపడింది. ప్రతి చావు చివరా హీరో లేచి, దుమ్ము దులుపుకుని, నాలుగు దిక్కులకీ దణ్ణం పెడుతున్నాడు. రామనాథ్ జోజప్పకి ఫోను చేశాడు.

"చచ్చాక కెమెరా ఆపాలి కదా జోజప్పా?"

"దణ్ణం పెడుతుంటే ఎట్లా ఆపేది బాబూ? పెళ్ళి కేసెట్లో ఎవరి దణ్ణమైనా తెగిందంటే ఆ ఇంటివాళ్ళు నా కొట్టు మీదకొస్తారు."

మళ్ళీ తీసే తీరిక లేదు, ఉన్నదున్నట్టు సీడీలోకి ఎక్కించేశారు. తిరువూరు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ ఆట కోసం పిల్లలు వరస కట్టారు. కానీ ఒక్కరికీ గెలవాలనే కోరిక లేదు. సరైన తలుపు పొరపాటున నొక్కుతామేమోనని జాగ్రత్త పడేవాళ్ళు. అందరికీ కావలసింది సార్ చచ్చి లేచి దణ్ణం పెట్టడం. సింహాసనం సీను ఉందన్న మాట కూడా ఎవరికీ తెలియలేదు. రామనాథ్ కంపెనీ ఎక్కువకాలం నడవలేదు. అతను టీవీ సీరియళ్ళ ఎడిటింగులో చేరాడు. సీతారామారావు గారు తనకి దక్కిన ఒక సీడీని కొన్నాళ్ళు ఆఫీసుకొచ్చిన అధికారులందరికీ చూపించారు. అది వేసి చూసే యంత్రం ఎవరి దగ్గరా లేదు గనక, వాళ్ళు అటూ ఇటూ తిప్పి, అద్దంలోలా మొహం చూసుకుని, ఇచ్చేసేవారు.

ఇలా ఉండగా రెండువేల నాలుగు వేసవిలో ఒక పెద్ద హీరో సినిమా వచ్చింది. అందులో హీరో చేతిలో దెబ్బ తిన్న రౌడీ ఒకడు కూలిపోయి, చచ్చి, లేచి, పంచె దులుపుకుని, నాలుగు దిక్కులకీ దణ్ణం పెట్టి మళ్ళీ పడుకుంటాడు. ఆ ముక్కకి రాష్ట్రం మొత్తం పడీపడీ నవ్వింది. తిరువూరు హాల్లో ఆ సీను రాగానే సీతారామారావు గారు సీట్లోంచి లేచి నిలబడిపోయారు.

"కూర్చోండి సార్, కనపడట్లేదు," అన్నారు వెనకవాళ్ళు.

ఆయన కూర్చున్నారు, గుండె నిండా గర్వంతో. ఇంటర్వెల్లో జనం తన చుట్టూ మూగుతారనుకున్నారు. మూగారు కూడా. సైకిల్ స్టాండు కుర్రాడు భుజం మీద చెయ్యేసినంత చనువుగా, "బలే సార్, సినిమా వచ్చి వారం కాలేదు, అప్పుడే మీరు కూడా అట్టాగే చేస్తన్నారంటగా," అన్నాడు.

అక్కడ మొదలైంది. సంతలో, ఆఫీసులో, బస్సులో, ఎక్కడ కనపడితే అక్కడ ఆయన సినిమాని కాపీ కొట్టినవాడైపోయాడు. ముందు చేసింది నేనురా అంటే, అలా అనడం కూడా కామెడీలో భాగమనుకుని నవ్వేవాళ్ళు. నెమలిలో కళ్ళారా చూసిన పెద్దవాళ్ళు సైతం, "ఏమో, అప్పుడు పడ్డాడు గానీ లేచాడా?" అని అనుమానంలో పడ్డారు. సినిమాలో చూసింది ముందు, కళ్ళతో చూసింది తరవాత అయిపోయింది.

దీపావళి వెళ్ళాక పరబ్రహ్మం గారు ఇంటికొచ్చి, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నారు.

"వచ్చే మార్చిలో నెమలి తిరునాళ్ళకి మన నాటకం ఉంది. ఈసారి నువ్వు లేవొద్దు, సీతారామారావూ."

"చావొద్దంటావా?"

"చావు. లేవొద్దు. స్వామివారి స్టేజీ మీద సినిమా కామెడీ ఆడిస్తున్నారంటే మండలి పరువు పోతుంది."

"లేవకపోతే అది నా చావే కాదు పరబ్రహ్మం. ఎవడైనా చస్తాడు అట్టా."

"అదే నేనూ అంటున్నాను. లేవకుండా ఉండలేనంటే ఎవడో ఒకణ్ణి చూసుకుంటాం. కాదు, నువ్వే ముందంటావా, రుజువు చూపించు. సంక్రాంతి వెళ్ళేదాకా ఆగుతాను."

పాతికేళ్ళుగా సీతారామారావు గారికి ఊళ్ళో ఉన్న స్థలం ఆ స్టేజీ మీద పడుకునేంత మేరే. అదీ పోయేలా ఉంది.

మొదట సీడీ గుర్తొచ్చింది. ఇల్లంతా వెతికితే పెరట్లో జామచెట్టుకి వేలాడుతూ కనపడింది.

"చిలకలు కాయలన్నీ కొరికేస్తున్నాయండీ. ఎండకి మెరుస్తుంటే రావట్లేదు," అన్నారు బాలసరస్వతి గారు. ఆమె తప్పేం లేదు, ఆ ఏడు జామకాయలు బాగా దక్కాయి. గీతలూ రెట్టలూ తుడిచి ఇన్‌స్టిట్యూట్‌కి పట్టుకెళ్తే, కొత్త కంప్యూటరు దాన్ని మింగి, కాసేపు గుర్రుమని, బయటికి ఉమ్మేసింది. రామనాథ్ దగ్గరా కాపీ లేదు. ఇక మిగిలింది జోజప్ప.

"అప్పుడు తీసిన కేసెట్టు ఉందా జోజప్పా?"

జోజప్ప తల గోక్కున్నాడు. "దాని మీద పెళ్ళి తీశా సార్. మా వినగడప జ్ఞానమణి టీచరమ్మ కూతురు ఆరాధన పెళ్ళి, బెన్నీతో. భోజనాల దగ్గర కొత్త కేసెట్టు అయిపోయింది. సంచీలో మీరు కనపడ్డారు."

"అయితే నా మీద పెళ్ళి చేసేశావన్నమాట."

"పూర్తిగా కాదేమో సార్. భోజనాలు తొందరగానే అయిపోయినట్టు గుర్తు."

ఇద్దరూ స్కూటరు మీద వినగడప వెళ్ళారు. జ్ఞానమణి టీచరమ్మ గుమ్మంలోనే సీతారామారావు గారి మొహంలోకి తేరిపార చూసి, లోపలికి తిరిగి, "ఏమండీ, రాజుగారొచ్చారు," అని కేకేసింది.

కుర్చీలు వేశాక విషయం తేలింది. పెళ్ళయి, భోజనాలయి, చివరి విస్తరి లేచాక, రెండో కేసెట్లో తమ చర్చి కోటు వేసుకున్న రాజొకడు పడిపోతాడు, లేస్తాడు, నాలుగు వైపులా దణ్ణం పెడతాడు. వాళ్ళకది ఎంతో నచ్చింది.

"పెళ్ళికొచ్చిన వాళ్ళందరికీ మా తరపున జోజప్ప దణ్ణం పెట్టించాడనుకున్నాం అన్నయ్యగారూ. మా చుట్టాలు వాళ్ళ పెళ్ళిళ్ళకి కూడా అట్టాంటి రాజు కావాలని అడిగారు."

"మరి ముందు పడిపోవడం ఎందుకనుకున్నారమ్మా?"

"పెళ్ళిపనులు కదండీ. అలిసిపోయాడనుకున్నాం."

కేసెట్టు ఇవ్వడానికి ఆమె ఒప్పుకుంది, ఒక షరతు మీద. తానూ వస్తుంది, మొదటి కేసెట్లోని పెళ్ళి కూడా వెయ్యాలి, ముందుకి తిప్పకూడదు. "మా పిల్ల పెళ్ళి చూడకుండా రాజుని చూస్తే ఏం మర్యాద?"

అలా సంక్రాంతి వెళ్ళిన ఆదివారం, అదే కల్యాణమండపంలో, పరబ్రహ్మం గారూ మండలి పెద్దలూ ఊళ్ళో ఖాళీగా ఉన్నవాళ్ళంతా కలిసి ఆరాధన, బెన్నీల పెళ్ళి మొదటి నుంచి చూశారు. ఫాదరు గారి ప్రసంగం చూశారు, ఉంగరాలు చూశారు, కేకు చూశారు. బిర్యానీ వడ్డన దగ్గరికి వచ్చేసరికి, మడి కట్టుకుని వచ్చిన ఇద్దరు పెద్దలు కళ్ళు మూసుకున్నారు గానీ లేచి వెళ్ళలేదు. తెర మూలన తొంభై తొమ్మిది మే నెల తారీఖు ఉంది. చివరి బంతిలో ఒక పెద్దాయన చెయ్యి కడుక్కుంటుండగా తెర గీతలు గీతలై, కుదుటపడి, తారీఖు తొంభై ఎనిమిది అక్టోబరుకి వెనక్కి దూకింది. ఎర్రకోటు రాజు మొసలి లేకుండానే మొసలి నోట్లో పడి చచ్చాడు. బొటనవేలు అల్లాడి ఆగింది. రాజు లేచాడు, దులుపుకున్నాడు, దణ్ణం పెట్టాడు.

పరబ్రహ్మం గారు వదల్లేదు. "కెమెరాలో తారీఖుదేముంది, ఎట్లా కావాలంటే అట్లా పెట్టుకోవచ్చు."

జ్ఞానమణి టీచరమ్మ బడిలోలాగే నిలబడింది. "పెళ్ళప్పటి నుంచి ఈ కేసెట్టు నా బీరువాలో ఉందండీ, తాళంచెవి నా దగ్గర ఉంది. ఆ పెళ్ళికి పుట్టిన పిల్ల ఇప్పుడు ఎల్కేజీ. మీ సినిమా వచ్చి ఏడాది కాలేదు. లెక్క మీరు కట్టుకుంటారా, నన్ను కట్టమంటారా?"

పెద్దలు లెక్క కట్టుకున్నారు. కేసెట్టు ఇంకా తిరుగుతూనే ఉంది. తెరమీద రాజు ఈసారి పడలేదు. నిదానంగా నడిచి వచ్చి ఎర్ర మెత్తల కుర్చీలో కూర్చుని, మీసం దువ్వి, ఎదురుగా చూశాడు. ఆరేళ్ళుగా ఎవరూ చూడని గెలుపు. సీతారామారావు గారికే అలాంటిదొకటి తీశారన్న సంగతి గుర్తులేదు. ఆయన కళ్ళు తుడుచుకుని, జనం ఏమంటారా అని వెనక్కి తిరిగి చూశారు.

"ఇదేంటి, పడడా?" అన్నాడు సైకిల్ స్టాండు కుర్రాడు.

"అది కాదు జోజప్పా, ముందుది వెయ్యి," అన్నారు పరబ్రహ్మం గారు. తనే గట్టిగా అన్నారు. "వన్స్ మోర్."

తీర్పు అదే. నెమలిలో సీతారామారావు గారు చావొచ్చు, లేవొచ్చు, దులుపుకోవచ్చు.

అంతటితో ఊరుకుంటే ఆయన సీతారామారావు గారే కారు. తన చావుని ఎత్తుకుపోయిన సినిమావాళ్ళ నోట ఒక మాట అనిపించుకోవాలని ఆయన ఫిబ్రవరిలో సెలవు పెట్టి హైదరాబాదు బస్సెక్కారు. రామనాథ్ ఆయన్ని ఆ కామెడీ రాసిన మనిషి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ రాత్రి బాలసరస్వతి గారికి ఫోనొచ్చింది. గొంతు దిగాలుగా ఉంది.

"దొంగిలించలేదట సరస్వతీ."

"మంచిదే కదండీ."

"ఏం మంచి. ఆ రౌడీ వేషగాడు ఎక్కడో కోస్తా చివర నాటకాల మనిషట. వాళ్ళ వైపు కూడా చచ్చినవాళ్ళు వన్స్ మోర్‌కి లేచి దణ్ణాలు పెడతారట. మన ఆట వాళ్ళు చూడనే లేదు. నా పేరు కూడా వినలేదు."

ఎత్తుకుపోయారంటే అదొక గౌరవంగా ఉండేది. ఊరికే కలిసిందంటే ఎవరితో చెప్పుకోవాలి?

అయితే ఆయన మూడో ఘనత అక్కడే కాచుకుని ఉంది. రామనాథ్ పనిచేసే సీరియల్లో ఆ ఇంటి తాతగారు పోయారు. తాతగారి వేషగాడు అంతకుముందే మానేశాడు. పడుకోవడానికి, మొహం కనపడీ కనపడకుండా ఒక శవం కావాలి. చావులో ఇంత అనుభవం ఉన్నవాళ్ళు హైదరాబాదులో దొరకలేదు. డైరెక్టరు పెట్టిన నిబంధన ఒకటే. లేవకూడదు.

సీతారామారావు గారు ఒప్పుకున్నారు. రెండ్రోజుల పనన్నారు. కానీ ఊళ్ళనుంచి కొడుకులు రావాలి, కోడళ్ళు రావాలి, ఒక్కొక్కరూ శవం పక్కన కూర్చుని పాత సంగతులు గుర్తు తెచ్చుకుని ఏడవాలి. మధ్యలో ఒకనాడు ఆయన కుడికాలి బొటనవేలు, ఏళ్ళనాటి అలవాటు కదా, కాస్త అల్లాడింది. ఎవరూ గమనించకుండా టీవీలో వచ్చేసింది. తాతగారు బతికే ఉన్నారా అని ప్రేక్షకుల నుంచి ఒకటే ఫోన్లు. డైరెక్టరు సంబరపడి, శవాన్ని ఎత్తే ఆలోచన మానుకున్నాడు.

తిరువూరులో ఇప్పుడు రోజూ సాయంత్రం పరబ్రహ్మం గారు టీవీ ముందు కూర్చుని, "ఇవాళైనా ఎత్తుతారా వీణ్ణి," అని తిట్టుకుంటున్నారు. బాలసరస్వతి గారు టీవీలో భర్తకి పూలదండ కనపడగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతున్నారు. జోజప్ప చర్చి వాళ్ళనడిగి ఎర్రకోటు ఇస్త్రీ చేయించి పెట్టాడు. నెమలి తిరునాళ్ళు దగ్గర పడ్డాయి. ఏది ఏమైనా మార్చి పంతొమ్మిది సాయంత్రానికి పాడె లేపి తీరుతానని డైరెక్టరు రామనాథ్‌కి మాటిచ్చాడు. ఆ లెక్కన రాత్రి బస్సెక్కితే, తిరునాళ్ళకి ముందే, సీతారామారావు గారు తిరువూరు బస్టాండులో దిగేది రెండువేల అయిదు మార్చి ఇరవయ్యో తేదీ, ఆదివారం.